సియాటిల్ క్రాకెన్: ఎన్‌హెచ్‌ఎల్‌లో 32వ జట్టు పుట్టుక గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సియాటిల్ పక్కనున్న బెల్వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు ఐస్ హాకీ మాట కూడా వినిపిస్తోంది. ఆఫీసులో ఎవరో టికెట్లు ఇచ్చారనో, పిల్లలు బడి నుంచి జట్టు బొమ్మ ఉన్న టోపీ తెచ్చుకున్నారనో మొదలైన ఆసక్తి, ‘అసలు లేని జట్టును వీళ్లు ఎలా పుట్టించారు?’ అనే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఆట నియమాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి ఇక్కడ ఎక్కువ చోటు ఆ ప్రశ్నకే ఇచ్చాను.

ఇది మనం బడిలో చదువుకున్న హాకీయేనా?

కాదు. ధ్యాన్‌చంద్ ఆడిన హాకీకీ దీనికీ వంపు తిరిగిన కర్ర, గోలు తప్ప పెద్దగా పోలిక లేదు. సుమారు 61 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు ఉన్న మంచు గచ్చు మీద, కాళ్లకు స్కేట్లు కట్టుకుని, ఒక్కో వైపు గోలీతో (గోలు కాసే ఆటగాడితో) కలిపి ఆరుగురు ఆడతారు. బంతికి బదులు ‘పక్’ అనే నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. అది సుమారు 170 గ్రాముల బరువుంటుంది. మంచు మీద ఎగిరెగిరి పడకుండా జారాలని ఆటకు ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తారు. ఇరవయ్యేసి నిమిషాల మూడు భాగాలుగా ఆట సాగుతుంది.

క్రాకెన్ ఏ లీగ్‌లో, ఎప్పుడు చేరింది?

అమెరికా, కెనడా దేశాల జట్లు కలిసి ఆడే నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో చేరింది. 2018 డిసెంబరు 4న లీగ్ యజమానుల మండలి సియాటిల్‌కు ఏకగ్రీవంగా అనుమతి ఇచ్చింది. మొదట 2020లోనే ఆడించాలనుకున్నారు కానీ, స్టేడియం పని అప్పటికి పూర్తికాదని తేలడంతో ఒక ఏడాది వెనక్కి జరిపారు. ప్రవేశ రుసుములో చివరి వాయిదా కట్టడం పూర్తయ్యి 2021 ఏప్రిల్ 30న జట్టు లాంఛనంగా లీగ్ సభ్యత్వం పొందింది. ఆ ఏడాది అక్టోబరు 12న లాస్ వేగస్‌లో తొలి మ్యాచ్ ఆడి 4–3తో ఓడిపోయింది. జట్టు చరిత్రలో మొదటి గోలు ర్యాన్ డొనాటోది. రెండు రోజుల తర్వాత నాష్‌విల్‌లో మొదటి గెలుపు దక్కింది.

కొత్త జట్టు సియాటిల్‌కే ఎందుకు దక్కింది?

ఈ ఊరికి హాకీ కొత్తదని చాలామంది పొరపడతారు. సియాటిల్ మెట్రోపాలిటన్స్ అనే జట్టు 1917 మార్చిలో మాంట్రియల్ కెనడియన్స్‌ను ఓడించి, ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద బహుమతి అయిన స్టాన్లీ కప్పు గెలుచుకుంది; ఆ కప్పు అందుకున్న తొలి అమెరికన్ జట్టు అదే. ఎన్‌హెచ్‌ఎల్ పుట్టింది ఆ తర్వాత, అదే ఏడాది నవంబరులో. అంటే లీగ్ కంటే ముందే ఈ ఊరికి కప్పు వచ్చింది. 1919లో మళ్లీ అవే రెండు జట్లు తుది పోరులో తలపడి సమానంగా ఉన్న దశలో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఆటగాళ్లను పడగొట్టడంతో పోటీ ఆగిపోయింది. కెనడియన్స్ ఆటగాడు జో హాల్ ఆ జబ్బుతోనే మరణించాడు. 1924లో మెట్రోపాలిటన్స్ జట్టు మూతపడింది.

అయితే లీగ్ యజమానులు పాత కథలు చూసి అనుమతులు ఇవ్వరు. 2008లో సూపర్‌సోనిక్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు ఓక్లహోమా సిటీకి తరలిపోయినప్పటి నుంచి ఈ ఊళ్లో చలికాలమంతా ఇండోర్‌లో ఆడే పెద్ద పురుషుల జట్టు లేదు. జనానికి ఉన్న ఆ లోటు ఎంతటిదో 2018 మార్చి 1న తెలిసింది. జట్టే లేని రోజుల్లో, పేరూ రంగూ కూడా తెలియని రోజుల్లో, సీజన్ టికెట్ల కోసం బయానా కట్టమని అడిగితే 12 నిమిషాల్లో 10,000 దరఖాస్తులు వచ్చిపడ్డాయి. సినిమా పేరు ప్రకటించకముందే హాలు నిండిపోవడం లాంటిది ఇది. లీగ్ పెద్దలను ఒప్పించినది ఆ 12 నిమిషాలేనని నేను అనుకుంటాను.

ప్రవేశ రుసుము 65 కోట్ల డాలర్లు అంటారు. అది ఎవరికి వెళ్లింది?

లీగ్‌లో అప్పటికే ఉన్న జట్ల యజమానులకు వెళ్లింది. అంతకు నాలుగేళ్ల ముందు అడుగుపెట్టిన వేగస్ 50 కోట్ల డాలర్లు కట్టింది. ఆ జట్టుకు మాత్రం సియాటిల్ కట్టిన సొమ్ములో వాటా లేదు. మిగిలిన 30 జట్లకు తలా రెండు కోట్ల డాలర్లకు పైగా ముట్టింది. లీగ్ రాబడిలో ఆటగాళ్లకు న్యాయంగా రావలసిన భాగం ఉంటుంది కానీ, ప్రవేశ రుసుమును ఆ రాబడి లెక్కలో కలపరు కాబట్టి ఆటగాళ్లకు ఇందులో పైసా రాదు. కొత్త జట్టు వస్తోందంటే పాత యజమానులు ఎందుకు సంబరపడతారో దీన్నిబట్టే తెలుస్తుంది.

డబ్బు పెట్టినవారిలో ముఖ్యుడు మదుపరి డేవిడ్ బాండర్‌మన్. ఆయన 2024 డిసెంబరులో మరణించారు. ఆయన కుమార్తె సమంతా హాలోవే జట్టు బాధ్యత చూస్తున్నారు. హాలీవుడ్ నిర్మాత జెర్రీ బ్రూక్‌హైమర్ కూడా యజమానుల్లో ఒకరు.

‘క్రాకెన్’ అంటే ఏమిటి?

ఉత్తర ఐరోపా నావికుల కథల్లో ఓడలను చుట్టేసి ముంచే మహా జలచరం పేరు అది. మన పురాణాల్లో తిమింగిలం ఎలాగో, వాళ్లకు క్రాకెన్ అలాగ. 2020 జులై 23న పేరు ప్రకటించారు. జెర్సీ మీది ‘ఎస్’ అక్షరాన్ని కాస్త పరకాయించి చూస్తే, దాని లోపలి నుంచి పైకి పాకుతున్న ఒక మృగపు చేయి, పైభాగంలో ఎర్రటి కన్ను కనిపిస్తాయి. భుజం మీది లంగరు బొమ్మలో ఊరి గుర్తయిన స్పేస్ నీడిల్‌ను ఇమిడ్చారు. మెట్రోపాలిటన్స్ అన్న పాత పేరే పెట్టవలసిందన్నవారు ఉన్నారు. నాకు కొత్త పేరే నచ్చింది; పిల్లల నోట సులువుగా పలుకుతుంది.

ఆటగాళ్లను ఎక్కడి నుంచి తెచ్చారు? ఐపీఎల్‌లో లాగా వేలం వేశారా?

వేలం లేదు, ఉన్నది ‘ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్’. దీన్ని అర్థం చేసుకుంటే ఈ జట్టు కథ సగం అర్థమైనట్టే.

వేగస్‌ను మినహాయించి మిగిలిన 30 జట్లు ఒక్కొక్కటి ఒక్కో ఆటగాడిని సియాటిల్‌కు వదులుకోవాలి. అయితే ఎవరిని కాపాడుకోవాలో ముందుగా జాబితా ఇచ్చే హక్కు ప్రతి జట్టుకూ ఉంది. ఏడుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు డిఫెన్స్ ఆటగాళ్లు, ఒక గోలీని కాపాడుకోవచ్చు; లేదంటే ఏ స్థానాల వారైనా సరే ఎనిమిది మందిని, ఒక గోలీని ఉంచుకోవచ్చు. వృత్తిలోకి వచ్చి రెండేళ్లు దాటని కుర్రవాళ్ల జోలికి కొత్త జట్టు వెళ్లకూడదు. తన అనుమతి లేకుండా కదపరాదని ఒప్పందంలో రాయించుకున్న ఆటగాడిని, అతను ఒప్పుకుంటే తప్ప, పాత జట్టు కాపాడి తీరాలి. ఇవన్నీ పోగా మిగిలిన వాళ్లలో నుంచి సియాటిల్ ఒక్కో జట్టు నుంచి ఒక్కరి చొప్పున 30 మందిని తీసుకోవాలి. వారిలో కనీసం 14 మంది ఫార్వర్డ్‌లు, 9 మంది డిఫెన్స్ వారు, 3 గోలీలు ఉండాలి. వీరందరి జీతాల మొత్తం కూడా లీగ్ విధించిన పరిమితిని దాటకూడదు, అందులో 60 శాతానికి తగ్గకూడదు. అప్పట్లో ఆ పరిమితి 8.15 కోట్ల డాలర్లు.

పెళ్లింట్లో మిగిలిన వంటకాలతో మర్నాడు విందు చేయమన్నట్టుగా ఉందని మొదట చదివినప్పుడు నాకనిపించింది. అయినా ఈ నియమాలు అంతకుముందు తరాల కొత్త జట్లకు దొరికిన వాటికంటే ఎంతో ఉదారమైనవి. పాత రోజుల్లో ఒక్కో జట్టు చాలామందిని కాపాడుకునేది కాబట్టి కొత్తవారికి అట్టడుగు వాళ్లే మిగిలేవారు.

2021 జులై 21న సియాటిల్‌లోని గ్యాస్ వర్క్స్ పార్కులో, సరస్సు పక్కన తుప్పుపట్టి నిలిచిన పాత గ్యాస్ కర్మాగారపు గొట్టాల నడుమ వేదిక కట్టి ఈ తతంగం జరిపారు. పేర్లు సాయంత్రం దాకా గుట్టుగా ఉంచాలన్నది ఆలోచన. పొద్దుటికల్లా విలేకరులు దాదాపు అన్నీ బయటపెట్టేశారు.

పెద్ద పేరున్న గోలీని కాదనుకున్నారట, నిజమేనా?

నిజమే. మాంట్రియల్ జట్టు కేరీ ప్రైస్‌ను రక్షణ జాబితాలో చేర్చలేదు. అంతకు కొద్ది వారాల ముందే ఆ జట్టును కప్పు తుది పోరుకు చేర్చిన గోలీ అతను. సియాటిల్ అతన్ని తీసుకోకపోవడాన్ని పిరికితనమని తిట్టినవాళ్లు ఎందరో. అతని జీతం ఏడాదికి 1.05 కోట్ల డాలర్లు, ఒప్పందం ఇంకా ఐదేళ్లు ఉంది, మోకాలు బాగాలేదు. ఆ తర్వాత అతను ఆడిన మ్యాచ్‌లు ఐదంటే ఐదు. జనరల్ మేనేజర్ రాన్ ఫ్రాన్సిస్ ఆ రోజు చేసిన పనుల్లో చెయ్యకుండా వదిలేసిన ఈ పనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

వద్దనుకున్న వాళ్లతో జట్టు ఎలా నిలబడుతుంది?

‘కాపాడుకోలేదు’ అంటే ‘వద్దనుకున్నారు’ అని అర్థం కాదు. స్థానాలు చాలక వదిలేసిన మంచి ఆటగాళ్లు ఉంటారు. వరసగా రెండుసార్లు కప్పు గెలిచిన టాంపా బే నుంచి యానీ గూర్డ్ వచ్చింది అలాగే. తొలి కెప్టెన్ మార్క్ జియోర్డానో కాల్గరీలో ఎన్నో ఏళ్లు కెప్టెన్‌గా చేసినవాడు. న్యూయార్క్ ఐలాండర్స్ నుంచి జోర్డన్ ఎబర్లీ వచ్చాడు. 2024లో కెప్టెన్ పగ్గాలు అతనికే అప్పగించారు.

వీళ్లందరికంటే జారెడ్ మెక్‌కాన్ కథ చెప్పుకోదగ్గది. డ్రాఫ్ట్‌కు నాలుగు రోజుల ముందు టొరాంటో అతన్ని పిట్స్‌బర్గ్ నుంచి తెచ్చుకుంది. తన దగ్గరున్న మరొకరు పోకుండా ఉండేందుకు, సియాటిల్ కళ్లు ఇతని మీద పడేలా వెంటనే అతన్ని రక్షణ లేకుండా వదిలింది. చదరంగంలో బంటును ముందుకు నెట్టినట్టన్నమాట. నాలుగు రోజులు మాత్రమే ఒక జట్టు మనిషిగా ఉండి, ఆ జట్టు తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా సియాటిల్ చేరిన మెక్‌కాన్ 2022–23లో 40 గోల్స్ కొట్టాడు.

వేగస్ మొదటి ఏడాదే ఫైనల్‌కు చేరింది కదా, సియాటిల్ ఎందుకు చేరలేకపోయింది?

డ్రాఫ్ట్ నియమాలు రెండింటికీ ఒక్కటే. తేడా ఎదుటివాళ్లలో ఉంది. 2017లో వేగస్ వచ్చినప్పుడు మిగిలిన జట్ల మేనేజర్లు కంగారుపడి, ‘మావాడిని ముట్టుకోకు, దానికి బదులుగా ఇంకొకరిని ఇస్తాం’ అంటూ ఎదురు కానుకలు చదివించారు. షే థియోడోర్, అలెక్స్ టక్ లాంటి మంచి యువకులు వేగస్‌కు అలా చేరినవారే. నాలుగేళ్ల తర్వాత సియాటిల్ వంతు వచ్చేసరికి అందరూ జాగ్రత్తపడ్డారు. డ్రాఫ్ట్ నాటికి అలాంటి ఒక్క ఒప్పందమూ కుదరలేదు. దానికి తోడు కోవిడ్ వల్ల జీతాల పరిమితి పెరగకుండా నిలిచిపోవడంతో ఎవరి దగ్గరా ఉదారంగా ఇచ్చే వీలు లేదు.

గోల్‌పోస్టు దగ్గర కూడా దెబ్బతిన్నారు. కొలరాడో నుంచి ఆరేళ్ల ఒప్పందం మీద తెచ్చుకున్న ఫిలిప్ గ్రూబాయర్ తన వైపు వచ్చిన ప్రతి వంద షాట్లలో సగటున 89 కూడా ఆపలేకపోయాడు. ఆ స్థాయిలో అది చాలా తక్కువ. 82 మ్యాచ్‌ల్లో 27 గెలుపులు, 60 పాయింట్లు, డివిజన్‌లో అట్టడుగు స్థానం — ఇదీ మొదటి ఏడాది లెక్క.

పాయింట్లు ఎలా లెక్కిస్తారు?

గెలిస్తే రెండు. నిర్ణీత సమయానికి స్కోరు సమానమై, అదనపు సమయంలోనో షూటౌట్‌లోనో ఓడితే ఒకటి. మామూలుగా ఓడితే సున్నా.

తర్వాతి ఏళ్లలో ఏమైంది?

రెండో ఏడాది జట్టు 100 పాయింట్లు సాధించి ప్లేఆఫ్స్‌కు చేరింది. అక్కడ ఎదురైంది అప్పటి విజేత కొలరాడో. ఏడు మ్యాచ్‌ల పోరు, చివరిది డెన్వర్‌లో. ఆలివర్ బ్యోర్క్‌స్ట్రాండ్ రెండు గోల్స్ కొట్టగా, మొదటి ఏడాది ఊరంతా తిట్టిపోసిన గ్రూబాయర్ తన పాత జట్టునే అడ్డుకోగా, సియాటిల్ 2–1తో గెలిచింది. ఆ తేదీ 2023 ఏప్రిల్ 30. రుసుము కట్టి లీగ్‌లో చేరి ఆ రోజుకు సరిగ్గా రెండేళ్లు. తర్వాతి పోరులో డాలస్ చేతిలో, అది కూడా ఏడో మ్యాచ్‌లోనే, ఓడిపోయారు. ఏటా కొత్త కుర్రవాళ్లను ఎంచుకునే మామూలు డ్రాఫ్ట్‌లో జట్టు తీసుకున్న తొలి ఆటగాడు మాటీ బెనియర్స్‌కు ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే కాల్డర్ ట్రోఫీ దక్కింది.

ఆ ఊపు నిలవలేదు. 2023–24లో 81 పాయింట్లు, 2024–25లో 76. రెండుసార్లూ ప్లేఆఫ్స్ అందలేదు. తొలి కోచ్ డేవ్ హాక్‌స్టాల్‌ను 2024లో తప్పించారు, ఆయన స్థానంలో వచ్చిన డాన్ బైల్స్మాను ఒక్క ఏడాదికే సాగనంపి, 2025లో లేన్ లాంబర్ట్‌ను తెచ్చారు. ఈ మార్పుల నడుమ 2024లో జెస్సికా క్యాంప్‌బెల్‌ను సహాయ కోచ్‌గా నియమించడం లీగ్ చరిత్రలో నిలిచిపోయింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో పూర్తికాలపు సహాయ కోచ్ అయిన తొలి మహిళ ఆమె.

స్టేడియం కొత్తదా, పాతదా?

పైకప్పు పాతది, దాని కింద ఉన్నదంతా కొత్తది. 1962 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన భవనం అది. కప్పును చారిత్రక చిహ్నంగా గుర్తించినందువల్ల కూల్చడానికి వీల్లేదు. అందుకని సుమారు 20,000 టన్నుల బరువున్న ఆ కప్పును తాత్కాలిక ఉక్కు స్తంభాల మీద నిలబెట్టి, కింద ఉన్నదాన్నంతా తీసేసి, వీధి మట్టానికి 50 అడుగులకు పైగా లోతున తవ్వి కొత్త స్టేడియం కట్టారు. ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది. వీధిలోంచి చూస్తే ఇంత చిన్న భవనంలో 17,151 మంది ఎలా కూర్చుంటారా అనిపిస్తుంది. లోపలికి వెళ్లాక మెట్లు కిందికి దిగుతూనే ఉంటాయి, దిగుడుబావిలోకి దిగినట్టు.

పేరు హక్కులు అమెజాన్ కొని, తన పేరుకు బదులు ‘క్లైమేట్ ప్లెడ్జ్ అరీనా’ అని పెట్టింది. కప్పు మీద పడిన వాననీటిని పట్టి తొట్టెలో నిలవచేసి, ఆ నీటితోనే మంచు గచ్చును తయారుచేస్తారు. సియాటిల్ వానల్ని విసుక్కునే మనబోటివాళ్లకు అవి ఎక్కడ పనికొస్తున్నాయో కళ్లారా చూసే చోటు ఇది. భాగానికీ భాగానికీ మధ్య విద్యుత్తుతో నడిచే జాంబోనీ బండి వచ్చి, స్కేట్లు గీరిన గచ్చును చెక్కి, పల్చగా నీళ్లు పూసి వెళుతుంది. అది వెళ్లిన దారంతా తడి పలకలా మెరిసి, చూస్తుండగానే పొగమంచు రంగుకు తిరుగుతుంది. మా అబ్బాయికి ఆట కంటే ఇదే ఇష్టం.

32వ నంబరు జెర్సీ ఎవరూ ఎందుకు వేసుకోరు?

దాన్ని అభిమానులకు అంకితం చేశారు. జట్టు లీగ్‌లో 32వది. బయానా కట్టినవారు సుమారు 32,000 మంది. 2021 అక్టోబరు 23న, సొంత గడ్డ మీద తొలి మ్యాచ్ నాడు, ఆ అంకెను స్టేడియం పైకప్పుకు ఎత్తారు. ఆ మ్యాచ్‌లో వాంకూవర్ చేతిలో ఓడిపోయారు. సొంత ఊళ్లో మొదటి గెలుపు మూడు రోజుల తర్వాత, 1917లో మెట్రోపాలిటన్స్ ఓడించిన మాంట్రియల్ మీదనే వచ్చింది.

మొదటిసారి మ్యాచ్‌కు వెళ్లేవాళ్లు ఏం గుర్తుంచుకోవాలి?

బయట ఎండగా ఉన్నా స్వెట్టర్ తీసుకెళ్లండి, ముఖ్యంగా కింది వరసల్లో కూర్చునేవాళ్లు. మొదటిసారి మా అమ్మగారిని పలుచటి నూలు చీరలో తీసుకెళ్లి, రెండో భాగం మొత్తం నా కోటు ఆవిడకిచ్చి నేను వణుకుతూ చూశాను. పక్ ఎక్కడుందో కంటికి ఆనడానికి పై వరసలే నయం. అక్కడి నుంచి గచ్చంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. స్కోరు చూపే తెరలు మధ్యలో ఉండవు, రెండు చివర్లా త్రికోణాకారంలో వేలాడుతుంటాయి. కారు నగరం మధ్యలో ఎక్కడైనా ఆపి వెస్ట్‌లేక్ దగ్గర మోనోరైలు ఎక్కడం మంచిది. మ్యాచ్ టికెట్ ఉంటే ఆ ప్రయాణానికి విడిగా డబ్బులు ఇవ్వనక్కరలేదు. టికెట్లు మాత్రం జట్టు అధికారికంగా అమ్మే చోటనే కొనండి. తిరిగి అమ్మే ఒక సైటులో నేను చివరి నిమిషంలో కొన్నప్పుడు రుసుములన్నీ కలిసి ధర దాదాపు ఒకటిన్నర రెట్లయింది.

గెలిస్తే వెంటనే లేచి వెళ్లిపోకండి. ఆ రోజు బాగా ఆడిన ముగ్గురు మంచు మీదికి వచ్చి, పైక్ ప్లేస్ మార్కెట్‌లో చేపలు విసిరినట్టుగా, గుడ్డతో కుట్టిన సాల్మన్ బొమ్మల్ని జనంలోకి విసురుతారు.

పిల్లలు ఎక్కడ నేర్చుకోవచ్చు?

జట్టు సాధన చేసే నార్త్‌గేట్‌లోని క్రాకెన్ కమ్యూనిటీ ఐస్‌ప్లెక్స్‌లో మూడు గచ్చులున్నాయి. స్కేటింగ్ పాఠాలు మొదటి అడుగు నుంచి నేర్పుతారు. తొలి రోజు నేర్పేది పడటం, పడ్డాక వేళ్ల మీదికి స్కేట్లు రాకుండా చేతులు ముడుచుకుని లేవటం. హెల్మెట్, చేతి తొడుగులు లేకుండా పంపకండి.

జట్టులో సత్య నాదెళ్లకు వాటా ఉందంటారు, నిజమా?

లేదు. ఈ ప్రశ్న ప్రతి తెలుగువారి విందులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. హైదరాబాదులో పుట్టిన నాదెళ్ల పెట్టుబడి పెట్టింది సియాటిల్ సౌండర్స్ ఫుట్‌బాల్ జట్టులోనూ, సియాటిల్ ఆర్కాస్ క్రికెట్ జట్టులోనూ. మూడూ సియాటిల్ జట్లే, మూడింటి పేర్లలోనూ సముద్రపు వాసనే కాబట్టి కలగాపులగం అవుతున్నాయి.

ఊరికి ఇంకో హాకీ జట్టు వచ్చిందని విన్నాం, అది ఏది?

అది సియాటిల్ టొరెంట్, మహిళల వృత్తి హాకీ లీగ్‌లో. ఆరు జట్లున్న ఆ లీగ్ 2025లో సియాటిల్‌ను, వాంకూవర్‌ను చేర్చుకుని ఎనిమిదికి పెరిగింది. వాళ్లకూ ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్టే జరిగింది, వాళ్లూ క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాలోనే, ఆ పాత పైకప్పు కిందే ఆడుతున్నారు. అమెరికా మహిళల జట్టులో ఏళ్ల తరబడి పేరు మోగిన హిలరీ నైట్ ఆ జట్టులో ఉంది. మీ ఇంట్లో స్కేట్లు కట్టుకోవడానికి తొందరపడుతున్న ఆడపిల్ల ఉంటే, మొదట ఆ మ్యాచ్‌కు తీసుకెళ్లండి.